మొగ్గు ఎటు?

ఈ వారం సాక్చిలో ఒక సభలో వక్తగారు, “టాటానగర్ తెలుగువాళ్ల సెంటర్ ఆఫ్ గ్రావిటీ బిష్టుపూర్ రామమందిరమే” అన్నారు. చప్పట్లు మోగాయి. నాకు ఒళ్లు మండింది. జనం చేరిన చోటల్లా గరిమనాభి అయిపోతుందా? ఫిజిక్సు మాటల్ని ఇలా వాడేస్తుంటే నేను ఊరుకోనని పాత పాఠకులకు తెలుసు.

ఆ సంగతి కాసిడీహ్‌లో మా వీధి తాతగారిని అడగాలి. శ్రీకాకుళం మనిషి, కంపెనీలో ఖలాసీగా చేసి రిటైరయ్యారు. క్రేన్‌తో పెద్ద మోటారు ఎత్తాలంటే హుక్కు కొలత ప్రకారం నడిమధ్యన పెడితే చాలదట. ముందు బెత్తెడే లేపించి, చెయ్యెత్తి ఆపించేవారు. “ఏ మూల నేలని వదల్లేదో సూడాల బాబూ. మొగ్గు అటే.” దింపించి, హుక్కును ఆ బరువు వైపు జరిపించి, మళ్లీ లేపించేవారు. వేలాడే సరుకు తన గరిమనాభిని హుక్కు కిందికి తెచ్చుకునేదాకా ఊరుకోదు. మనం ముందే హుక్కును దాని నెత్తిమీదికి తేకపోతే సరుకే ఊగి వస్తుంది. ఆ దారిలో మనిషి ఉంటే అంతే సంగతులు.

మొన్న అరుగు మీద చేతికర్రకు నీళ్ల చెంబు తగిలించి, కర్రను ఒక్క వేలి మీద నిలబెట్టి చూపించారు. వేలు చెంబుకు దగ్గరగా ఉంది. తర్వాత నీళ్లు కొంచెం పారబోసి, చెంబును కర్ర చివరికంటా జరిపారు. వేలు కదపక్కర్లేకపోయింది. బరువు తగ్గింది, దూరం పెరిగింది, లెక్క సరిపోయింది.

అది చూశాక వక్తగారి మాట కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఆ మాట వాడాల్సిందే, కాకపోతే పూర్తిగా వాడాలి. 1912లో సాక్చిలో మొదటి ఉక్కు దిమ్మ పోతపోశారు. ఆ తర్వాత ఇక్కడికి వచ్చిన మనవాళ్ల ఇల్లూ వాకిలీ చాలాకాలం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోనే ఉండేవి. ఇప్పుడు పిల్లలు బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. గోత్రనామాలు ఫోన్‌లో చెప్పి ఇక్కడ అర్చన చేయించుకుంటారు. కొద్దిమందే, కానీ చాలా దూరం. ఊళ్లో ఉండిపోయిన మేనత్తలూ, పరాయి దేశంలో ఉన్న మనవలూ అందరూ లెక్కలోకి రావాలి. అప్పుడు ఆ బిందువు మనవాళ్ల ఇల్లు ఒక్కటీ లేని చోట పడవచ్చు. గాజుకైనా అది నడుమ ఖాళీలోనే కదా ఉండేది! పడనివ్వండి. నాకైతే ఆ లెక్కే కావాలి.