రెండు సిలిండర్లకు సెలవు

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి దగ్గర కియా సంస్థ నెలకొల్పిన కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికి వచ్చింది. అంతవరకు వేరుశనగ చేలకూ ధర్మవరం పట్టుకూ పేరుపడిన ఈ సీమలో ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల ఏర్పాటు వెలసింది గానీ, కారు కొనేవారు మొదట అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: లీటరుకు ఎంత ఇస్తుంది?

కొడికొండ మీదుగా పెనుకొండ వైపు 44వ నంబరు జాతీయ రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల నిలకడ వేగంతో సాగే కారుకు 20 హార్స్‌పవర్ లోపే సరిపోతుంది. 115 హార్స్‌పవర్ ఇంజిన్‌లో మిగిలినదంతా లారీని దాటడానికో, మిట్ట ఎక్కడానికో ఉంచుకున్న నిల్వ. పెట్రోలు ఇంజిన్ ఈ నిల్వకు అద్దె వసూలు చేస్తుంది. తక్కువ శక్తి చాలినప్పుడు, గాలి లోపలికి వెళ్లే దారిలో తిరిగే థ్రాటిల్ అనే రేకు చాలావరకు మూసుకుంటుంది, ఆ ఇరుకు సందులోంచి గాలి పీల్చడానికి పిస్టన్లు పెనుగులాడవలసి వస్తుంది. సూది తీసిన సిరంజి మూతిని వేలితో సగం మూసి కాడను వెనక్కి లాగితే చేతికి తగిలే బిగువే ఇది. ఇంధనంలో కొంత భాగం చక్రాలకు చేరకుండా ఈ పీల్చుడుకే ఖర్చవుతుంది.

దీనికి ఒక విరుగుడు, పిస్టన్లు ఆడే నాలుగు సిలిండర్లలో రెంటిని తాత్కాలికంగా ఆపడం. బరువు దించిన బండికి నాలుగెడ్లెందుకని రెంటిని విప్పేయడం వంటిదే ఇదనుకుంటే సగమే అర్థమైనట్టు. అసలు లాభం ఇంకా పనిచేస్తున్న జంట దగ్గర ఉంది. మొత్తం భారం రెండు సిలిండర్ల మీదే పడినప్పుడు థ్రాటిల్ మరింత తెరుచుకోక తప్పదు, తెరుచుకోగానే ఆ బిగువు సడలుతుంది. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్ కార్లలోని 1.5 లీటర్ల టర్బో ఇంజిన్‌లో ఈ పద్ధతి ఉంది. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ మీద పక్కకు జరిగే తొడుగులుంటాయి. విద్యుదయస్కాంతం ఒక చిన్న పిన్నును దింపగానే తొడుగు జరిగి, వాల్వును నొక్కే ఉబ్బుకు బదులు ఉబ్బు లేని నున్నని అంచు దాని ఎదుటికి వస్తుంది, వాల్వు మూసుకునే ఉండిపోతుంది, ఆ సిలిండర్లకు పెట్రోలు చిమ్మడమూ ఆగుతుంది. లోపల చిక్కిన గాలి స్ప్రింగులా నలిగి, నలిపిన బలాన్ని చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. ఆగేవి మధ్యనున్న రెండో, మూడో సిలిండర్లే. అప్పుడే ఒకటో, నాలుగో సిలిండర్లు సమాన వ్యవధిలో మండుతూ కుదుపు తెలియనివ్వవు.

ఊహ కొత్తది కాదు. 1981లో కాడిలాక్ ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను అవసరాన్నిబట్టి ఆరు, నాలుగు సిలిండర్లతో నడిచేలా చేసింది, కానీ ఇంజిన్‌ను అదుపు చేసే నాటి కంప్యూటరు నిదానం వల్ల కారు కుదుపులకు లోనై, ఏడాదికే ఆ ఇంజిన్ చాలా మోడళ్ల నుంచి తప్పుకుంది.

ఎర్రమంచి కార్లలో సిలిండర్లను ఆపే ఈ ఏర్పాటు లేదు. అక్కడి సెల్టోస్ వంటి టర్బో పెట్రోలు కార్లు వేరే దారి పట్టాయి: ఇంజిన్‌ను 1.5 లీటర్లకే పరిమితం చేసి, పొగ వేగంతో తిరిగే టర్బో చేత అవసరమైనప్పుడే అదనపు గాలిని నెట్టించి, 160 హార్స్‌పవర్ రాబట్టడం. చిన్న ఇంజిన్ మామూలు వేళల్లోనూ తన శక్తిలో పెద్ద వాటానే వాడుతుంది కనుక థ్రాటిల్ అంతగా మూసుకోదు. కియా డీజిలుకైతే ఈ తంటాయే తక్కువ, ఎందుకంటే డీజిలు ఇంజిన్ శక్తిని గాలి బిగించి కాక, చిమ్మే ఇంధనాన్ని తగ్గించి అదుపు చేస్తుంది.

పై రెండు ఉపాయాలూ హైవేకు తగినవే గానీ, బెల్లం, చింతపండు లోడులతో కిక్కిరిసే హిందూపురం బజారులో వాటి ప్రయోజనం స్వల్పం. అక్కడ పనికొచ్చేది 2023లో కియా తన కార్లకు ఇచ్చిన ఐడిల్ స్టాప్ గో, అంటే కారు నిలిచినప్పుడు ఇంజిన్ ఆగి, క్లచ్ తొక్కగానే మళ్లీ అందుకునే ఏర్పాటు. మాటిమాటికీ స్టార్టు కావలసిన ఈ పనికి గట్టి స్టార్టరు, బ్యాటరీ కావాలి. ఇంజిన్ ఆగితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది కాబట్టి, లోపల వేడెక్కగానే కంప్యూటరు ఇంజిన్‌ను దానంతటదే లేపుతుంది. ఏప్రిల్, మే నెలల సీమ ఎండలో అందుకు ఎంతోసేపు పట్టదు. విసిగినవారు ‘ఏ’ అక్షరం చుట్టూ బాణం గీసిన మీట నొక్కి దాన్ని ఆపుకుంటారు, మళ్లీ తాళం తిప్పి బయల్దేరేసరికి అది తిరిగి మేల్కొనే ఉంటుంది.