గోడ మీది మలివెలుగు

మండువా లోగిలిలో మధ్యాహ్నవేళ కూర్చున్నవారికి, ఎండ నేరుగా తాకునది నడుమనున్న రాతినేలను మాత్రమే యైనను, చుట్టు వసారాలలో స్తంభముల వెనుకగూడ మెత్తని వెలుగొకటి వ్యాపించియుండుట తెలియును. అది నేలనుండి సున్నపుగోడకు, గోడనుండి దూలమునకు మరలి మరలి వచ్చిన వెలుగు. కంప్యూటరు తెరపై అట్టి లోగిళ్లను నిర్మించుటే వృత్తియైన నాకు, ఈ పరోక్షకాంతికై యెంత కాలము వెచ్చింపవచ్చునన్న విచారము నిత్యకృత్యము.

1986లో జేమ్స్ కజియా ఈ కాంతివ్యాపారము నంతయు నొక్క సమీకరణమున నిమిడ్చి, కిరణములను యాదృచ్ఛికముగా వెదజల్లి దానిని సాధించు మార్గమును జూపెను. మార్గము సత్యమైనదే, వెల మాత్రము కఠినము. పిక్సెలుకు 64 శాంపిళ్లతో, అనగా 64 యాదృచ్ఛిక కిరణములతో, కనబడిన నాయిస్ (చిత్రముపై ఇసుక చల్లినట్లుండు గరుకు) సగము కావలెనన్న 256, అందులో మరల సగము కావలెనన్న 1024 తీయవలసినదే.

1988లో బర్క్‌లీలోని లారెన్స్ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్, తన సహచరులతో గూడి, మెరుపులేని తలములపై పరోక్షకాంతి మెల్లమెల్లగా మారునని గ్రహించి, కొన్నిచోట్ల మాత్రమే దానిని శ్రద్ధగా లెక్కించి, నడిమి చోటులను చుక్కలు కలిపి ముగ్గు వేసినట్లు పూరించు పద్ధతిని రూపొందించెను. ఈ చుక్కల యెడము సమానము గాదు: విశాలమైన గోడపై దూరదూరముగను, దూలము స్తంభమును గలియు మూలలో దట్టముగను పడును. ఎచ్చట తొందరపడవచ్చునో, ఎచ్చట తొందర తగదో ఇంత చక్కగా నెరిగిన ఉపాయమును నేను వేరొకదానిని చూడలేదు.

అయినను ఒకమారు, గడువు సమీపించినదని ఆ చుక్కలను మరింత పలుచన చేసితిని. విడిగా జూచిన ఏ ఫ్రేములోను లోపము కనబడలేదు. సెకనుకు 24 ఫ్రేములుగా నడిపించినంతనే, ఫ్రేము ఫ్రేమునకు చుక్కలు చోటు మారుటచే, సున్నపుగోడ యంతయు గాలికి రెపరెపలాడు దీపము నెదుట నున్నట్లు వణకెను. సన్నని నాయిస్‌ను కన్ను సహించును గాని, నిలుచుండవలసిన గోడ చలించినచో ఆ యింటిని నమ్మదు. లోగిలిలో కదలునది కెమెరా యొక్కటే గావున, ఆ రాత్రి దాని దారి పొడవునకు సరిపడు చుక్కలను దట్టముగా నొక్కసారియే లెక్కించి, అన్ని ఫ్రేములకు వానినే వాడి, మిగిలిన గంటలను స్తంభముల వెనుకటి నీడలకు వెచ్చించితిని.