ముతక నేర్వని చేయి

గత ఆదివారము మా పేట గ్రంథాలయపు వార్షికోత్సవమున ఒక పెద్దమనిషి అల్పసంతోషమును గూర్చి గంటన్నరసేపు ఉపన్యసించెను. కూడు, గూడు, గుడ్డ అను మూడును అమరినవానికి నాలుగవదానిపై ఆశ యుండరాదనియు, రక్తపుపోటునకును నిద్రలేమికిని ఆ ఆశయే మూలమనియు ఆయన సెలవిచ్చుచుండగా సభ యావత్తు తలలూపినది. నేనును ఊపితిని. ఈ శీర్షికను విడువక చదువువారికి నా పాతపాట తెలిసినదే గదా! రాత్రి పదిగంటలవరకు ఆఫీసును విడువని యువకులను, కంచములోని అన్నమును చూడక ఫోనును చూచుచు భుజించువారిని నేనెన్ని మారులు దూషించితినో, దానికి విసిగి ఎందరు నాకు ఉత్తరములు వ్రాసిరో వారికే ఎఱుక. కావున ఆ వక్త నిస్సందేహముగా నా పక్షమువాడే. అయినను నా దృష్టి ఆయన మాటలమీద నిలువక ఆయన పంచెమీద నిలిచినది. అది పొందూరు పంచె. వెల యెంతయో నాకు తెలియును. నేనును అదే కట్టుదును గనుక. అల్పసంతోషమును బోధించు కంఠమునకు దిగువన అంతటి అనల్పమైన వస్త్రము రెపరెపలాడుచుండుట నాకేమో గుచ్చుకొన్నది.

అటుపిమ్మట ఉపన్యాసము నా చెవి కెక్కలేదు. మనస్సు ఆ పంచె పుట్టిన శ్రీకాకుళము జిల్లా పొందూరునకు ప్రయాణమైనది.

పొందూరులో నూలు వడకు ఇంటి అరుగుపై కూర్చుండి చూడనివారికి ఆ గుడ్డ యెందుకట్లుండునో చెప్పుట కష్టము. కొండపత్తి పింజను గింజమీద నుండగనే వాలుగ చేప దవడ యెముకతో దువ్వుదురు. ఎండిన ఆ దవడ అంచున సన్నని పండ్లు దట్టముగా నుండును. అవి నలుసును రాల్చి, చిక్కును విప్పి, పోచలన్నిటిని ఒక్క దిక్కునకు మరల్చును. ఇనుపదువ్వెనతో ఆ పని చేయరాదా యని అడిగితిని. పోగు తెగునని చెప్పిరి. ఆవల పలకపై ఇనుపకడ్డీని దొర్లించి గింజను వేరుచేయుట, వింటితో ఏకి దూదిని పొంగించుట, ఏకులు చుట్టి అవి మాయకుండ ఎండిన అరటిడొప్పలో దాచుట. ఇన్నియు నైన తరువాతగాని రాట్నము కదలదు. అక్కడ వడకు నూరవ నంబరు నూలనగా 840 గజముల చిలపలు నూరుకలిసి ఒక పౌను తూగు నూలు. అనగా ఒక పౌను దూదినుండి 84,000 గజముల దారము, నేటి కొలతలో దాదాపు 77 కిలోమీటర్లు, ఒంటికదురుమీద ఒక స్త్రీ వ్రేళ్ల సందునుండి తెగక సాగి రావలెను. 1921 సెప్టెంబరులో మదురైలో తన వేషమును కొల్లాయికి కుదించుకొన్న మహాత్ముడు ఈ సన్ననూలును మెచ్చుకొనెననియు, పని చూచి రమ్మని కుమారుడు దేవదాసును పంపెననియు అక్కడివారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. తన మొల గుడ్డను అంత కురుచ చేసికొన్నవాడు పరుల చేతి నైపుణ్యమును మాత్రము కురుచ చేయగోరలేదు కాబోలు.

నేనక్కడ చూచిన ఒక ముసలమ్మ, కాలు చాపి గోడకు చేరగిలబడి, ఎడమచేతిలోని ఏకును పైకెత్తి దించుచు, దారమును కన్నులతో గాక వ్రేలికొనలతోనే చూచుచుండెను. ఒకచోట పోగు కొంచెము లావెక్కినట్లు నాకైతే కనబడలేదు. ఆమె మాత్రము రాట్నము నాపి, ఆ జానెడును తెంపి పారవైచి, కొసలు కలిపి మరల త్రిప్పినది. ఇంత సన్నము తీయనేల, కాస్త ముతకగా తీసినచో త్వరగా తెమలును గదా యని నేననగా ఆమె తల యెత్తకయే, "ముతక ఎవులైనా తీత్తారు బాబూ. నా సెయ్యి అలగ తీయదు" అన్నది. కూలి యేమాత్రము గిట్టునని అడిగితిని. "కూలి సంగతి అడక్కండి బాబూ, నూలు సంగతడగండి" అని నవ్వినది. ప్రక్కనే పుస్తకము పట్టుకొని కూర్చున్న మనుమరాలికి ఈ విద్య అబ్బినదా యని అడుగగా మాత్రము నవ్వు మాని, "దానికెందుకు బాబూ ఇది? అది సదువుకుంతంది. ఈ మెడనొప్పి నాతోనే పోనీండి" అన్నది.

ఆ ముసలమ్మ మాటలు నెమరువైచుకొనుచు సభనుండి ఇంటికి నడచుచుండగా, ఈ వారపు వ్యాసము దానంతటదియే కుదిరినట్లు తోచినది. ఆశ రెండు తెఱగులు, ఫలమునందలి ఆశ మనిషిని తినును, పనియందలి ఆశ మనిషిని నిలుపును, ఆ ముసలమ్మకు రెండవది కలదు, మొదటిది లేదు, ఆమెను చూచి నేర్చుకొందము గాక, అని వ్రాసి ముగించినచో ఎంతయు సొంపుగా నుండును. ఆ వక్తయు మెచ్చుకొని తన తదుపరి ఉపన్యాసమున వాడుకొనును. కాని ఆమె మెడ అడ్డుపడుచున్నది. అల్పసంతోషియని నేనామెకు బిరుదిచ్చుట, ఆమె అడుగవలదన్న కూలిని గూర్చి నేనడుగక ఊరకుండుటకు మిష కాదా? చేయి ముతక నేర్వకుండుట ఆమె ఇష్టమే; మెడ వంగిపోవుట ఆమె ఇష్టమని ఎవరు చెప్పిరి? ఆశను అణచుకొనుమని ఇన్నేండ్లు నేను చేసిన హితబోధ, కూడు గూడు గుడ్డ అమరినవారి నుద్దేశించినదే కావచ్చును. ఆ గుడ్డను అమర్చినవారి చెవిని గూడ అది పడుచుండు నన్న తలపు నాకెన్నడును కలుగలేదు. ఆ మనుమరాలు చదివి, ఉద్యోగము సంపాదించి, అవసరమైనచో రాత్రి పదింటివరకు ఆఫీసులోనే యుండినను, ఈ శీర్షికలో ఆమెను గూర్చి ఒక్కమాటయు పడదు.

ఈ కళ అంతరించిపోవుచున్నదని అంగలార్చు మిత్రులతో గొంతు కలుపువాడనే నేను. అయితే అంగలార్పుతో నూలు రాదు. చదువుకొన్న పిల్లకు రాట్నముపై మనసు మరలవలెనన్నచో, ఆఫీసు గుమాస్తాకు ముట్టు జీతమునకు తీసిపోని కూలి వడికిన చేతికి ముట్టవలెను. అట్లు ముట్టిననాడు ఆ పంచె వెల నావంటివాడు అందుకొనజాలనంత పెరుగును. పెరుగనిండు. నేను ముతకపంచెకు దిగెదను. ఈ వయస్సున నా నడుమునకు అదియే గట్టిగా నిలుచునని మా ఇంటివారు ఎన్నడో చెప్పియున్నారు.