బెల్లు కొట్టాక

వీధిలో కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతుంటారు. ఎదురింట్లోంచి ఆడమనిషిని కొడుతున్న చప్పుడు. ఓ పిల్లాడు వెళ్ళి బెల్లు కొట్టి, తలుపు తీసినాయన్ని బంతి అడుగుతాడు. అంతే. 2008లో ‘బ్రేక్‌త్రూ’ సంస్థ మొదలుపెట్టిన ‘బెల్ బజావో’ ప్రచార చిత్రాల్లో ఇదొకటి. ఇంకోదాంట్లో పాలు అడుగుతారు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా చూపు ముందు పాత్రల మీదికే పోయింది. కథంతా ఇద్దరు మగవాళ్ళది: ఆమెని కొట్టేవాడు, బెల్లు కొట్టేవాడు. (రెండింటికీ మనకి ఒకే క్రియ ఉండటం ఏం చమత్కారమో!) ఆమె ఒట్టి అరుపు. 2006 అక్టోబరు నుంచి గృహహింస చట్టం అమల్లో ఉన్నా, ‘అది వాళ్ళ సంసారం’ అని కిటికీలు మూసుకునే మనకి ఆ బెల్లు తక్కువ విషయమేం కాదు. నిలదీయకుండానే ‘విన్నాం’ అని చెప్పే తెలివి అందులో ఉంది. కానీ తలుపు మళ్ళీ మూసుకున్నాక? కెమెరా గుమ్మం బయటే ఆగిపోతుంది.

దీని పక్కన నెల్లూరు జిల్లా అక్షరాస్యతా వాచకంలోని ‘సీతమ్మ కథ’ పెట్టి చూశాను. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివారు, సారా దుకాణం మూయించారు. తర్వాత వాళ్ళ పోరాటమే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే మరో పాఠమైంది. చదివినవాళ్ళే పాత్రలయ్యారు! బెల్లు చిత్రాలకి లేని బలం ఇదే. అయితే అక్కడా ఓ మాట జారిపోయింది. దెబ్బలకి కారణం సారా అన్నాక, దుకాణం మూస్తే చాలనిపిస్తుంది. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995లో మద్యం పోయింది, 1997లో మద్యం తిరిగొచ్చింది. తాగకుండా కొట్టే భర్త గురించి మాట్లాడే భాష మాత్రం ఆ పోరాటం నుంచి మనకి అందలేదు.

ఇదంతా రాస్తుండగా ఓ రాత్రి మా పై ఫ్లాట్‌లోంచి చప్పుడు వినబడింది. వెళ్ళి బెల్లు కొట్టి కరివేపాకు అడిగాను. ఆయనే తెచ్చిచ్చాడు, నవ్వుతూ. మర్నాడు లిఫ్ట్ దగ్గర ఆమె ఆగింది.

“నిజంగా కరివేపాకే కావాలా రాత్రి?”

“లేదండీ” అన్నాను.

“అయితే ఈసారి నన్ను పిలవండి, ఆయన్ని కాదు.”