యయాతి వార్ధక్యం - పూరుని యౌవనం

ముసలితనాన్నీ మృత్యువునూ జయించడానికి మానవుడు పూనుకోవచ్చునా? ఇది సిద్ధులకూ మునులకూ సంబంధించిన ప్రశ్న అనుకునే రోజులు గడిచిపోయినవి. గూగుల్ 2013లో వార్ధక్య పరిశోధన కోసమే కాలికో అనే సంస్థను నెలకొల్పింది. ముదిరిన జీవకణాలకు తిరిగి లేతదనం తెచ్చే మార్గాన్ని వెతుకుతూ 2022లో ఆల్టోస్ ల్యాబ్స్ అనే మరొక సంస్థ మూడువందల కోట్ల డాలర్ల పెట్టుబడితో బయలుదేరింది.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మన విమర్శకులు యయాతిని సాక్ష్యానికి పిలుస్తారు. పోయిన యౌవనం తిరిగి వచ్చినా యయాతికి తృప్తి కలగలేదు గనుక, ముసలితనాన్నీ చావునూ వినయంతో అంగీకరించడమే వివేకం అంటారు. నేను గోదావరిఖనిలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. చాలా ఏళ్లు నేనూ ఈ వ్యాఖ్యానాన్నే చెప్పాను. అది సగం చదువు మాత్రమేనని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

కథ మనకు కొత్తది కాదు. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆదిపర్వంలో చెప్పాడు. పదహారో శతాబ్దంలో, కుతుబ్‌షాహీల కాలంలో, పొన్నికంటి తెలగన్న దానినే అచ్చ తెనుగు కావ్యంగా రచించి పటాన్‌చెరువు పాలకుడు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. శుక్రుని శాపంతో యయాతి అకాలంగా ముసలివాడవుతాడు. కొడుకులలో ఎవరైనా ఆ ముసలితనాన్ని పుచ్చుకొని తన యౌవనాన్ని ఇస్తే శాపం తీరుతుంది. ఐదుగురిని అడుగుతాడు. నలుగురు కాదంటారు. దేవయానికి దాసిగా బతికిన శర్మిష్ఠ కడపటి కొడుకు పూరుడు ఒప్పుకుంటాడు. కాదన్న నలుగురికీ శాపం. ఒప్పుకున్నవాడికి రాజ్యం. దీనిని త్యాగమని వేనోళ్ల పొగిడారు. ఒకచేత శాపమూ ఇంకొకచేత రాజ్యమూ పట్టుకొని అడిగినప్పుడు ఇచ్చినది ఏ మేరకు త్యాగమో విచారించినవారు తక్కువ. 1961లో వచ్చిన కన్నడ నాటకంలో గిరీశ్ కర్నాడ్ ఆ విచారణ చేశాడు. పూరునికి చిత్రలేఖ అనే భార్యను కల్పించి, ఈ మార్పిడికి ఆమె తన ప్రాణంతో మూల్యం చెల్లించినట్లు చూపాడు.

నా కళ్లు తెరిపించింది మాత్రం కర్నాడ్ కాదు, నా విద్యార్థి ఒకడు. పాఠం ముగిశాక నిలబడి ఇలా అన్నాడు: "సార్, మా నాయన బాయిల పని చేస్తడు. ఇప్పుడు మెడికల్ బోర్డుకు పోతుండు. ఆయన అన్‌ఫిట్ అయితేనే నాకు నౌకరి. మా ఇంట్ల కథ తిరగబడ్డది సార్."

తిరగబడిన మాట నిజం. యయాతి తన ముసలితనాన్ని కొడుకుకిచ్చి యౌవనం తీసుకున్నాడు. బొగ్గుబాయి తండ్రి తన ముసలితనాన్ని రుజువు చేసుకొని కొడుకుకు బతుకు ఇస్తున్నాడు. పని చేయగలిగిన తండ్రి తానుగా దిగిపోయి కొడుకుకు ఉద్యోగం అప్పగించే వారసత్వ పథకాన్ని సమానావకాశ సూత్రానికి విరుద్ధమని 2017లో హైకోర్టు కొట్టివేసింది. సింగరేణిలో మిగిలినది కారుణ్య నియామకం. కార్మికుడు మరణించాలి, లేదా పనికి అనర్హుడని వైద్యులు తేల్చాలి. అంటే ఆరోగ్యంగా వున్న తండ్రి ఇవ్వగల ఆస్తి ఏదీ లేదు. చితికిన శరీరమే ఆస్తి. ఆ ఇంట ముసలితనం శాపమూ అదే, వరమూ అదే. ఇటువంటి ఇంటికి వెళ్లి "వార్ధక్యాన్ని వినయంతో అంగీకరించండి" అని బోధించడం పరిహాసం కాక మరేమిటి?

ఇక్కడ ఒక ఆక్షేపణ వున్నది. పాతవారు తప్పుకోకుంటే కొత్తవారికి చోటెక్కడ, మనుషులు చావకుండా కూర్చుంటే యువతరం ఏమి కావాలి అంటారు. సింగరేణిలో పదవీ విరమణ వయస్సును 2021లో అరవై నుంచి అరవై ఒకటికి పెంచారు. నౌకరికోసం కాచుకున్న కుర్రవాడికి ఆ ఒక్క ఏడాది ఎంత బరువో నాకు తెలుసు. అయినా ఆక్షేపణ నిలవదు. 1990 ప్రాంతాన ఈ గనుల్లో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు దాదాపు నలభై వేలమంది. ఈ లోపల బొగ్గు ఉత్పత్తి తగ్గలేదు, అనేక రెట్లు పెరిగింది. తట్టా చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చినవి, ఓపెన్‌కాస్టులు వచ్చినవి. కొడుకు చోటును తండ్రి ఆయుర్దాయం మింగలేదు. యంత్రం మిగిల్చిన శ్రమ విరామంగానో, కొత్త పనిగానో శ్రామికునికి తిరిగి రాలేదు. వ్యవస్థలోని వైరుధ్యాన్ని ప్రకృతి ధర్మంగా చూపడం పాత మోసమే.

చావు ప్రకృతి సహజం కదా అనే అధ్యాత్మవాదులకు కూడా సమాధానం చెప్పాలి. స్వాతంత్ర్యం నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు ముప్పై రెండేళ్లు. నేడు డెబ్బై. ఈ పెరుగుదలను ప్రకృతి విరుద్ధమని త్యజించినవారిని నేను చూడలేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నాడు. కర్మ అని ఊరుకోలేదు. అమెరికాలో ఆయన నాయకత్వాన లెడర్లె ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ వ్యాధి చికిత్సకు అదే అక్కరకు వచ్చింది. ఆయన మాత్రం 1948లో, యాభై మూడేళ్లకే పోయాడు. ఇటువంటి మనిషి కృషిని అహంకారమనగలమా?

కాబట్టి మానవుడు ప్రయత్నించాలి. ఇందులో నాకు సందేహం లేదు. యయాతి కథ దీనికి అడ్డు రాదు. యౌవనాన్ని కోరడం అతని నేరం కాదు. మరొకరి శరీరం నుంచి దానిని తీసుకోవడం నేరం. ఆదిపర్వంలోనే యయాతి కథకు ముందు కచుని కథ వున్నది. మృతసంజీవని ఒక పక్షం గుప్పిట్లో వున్నంతకాలం వారి వీరులే లేచారు, ఎదుటి పక్షంవారు చచ్చారు. రేపటి సంజీవని కొన్ని కంపెనీల పెట్టెలో వుంటే జరిగేదీ అదే. కుబేరులు నూటయాభై ఏళ్లు బతుకుతారు. వారి దీపాలకు బొగ్గు తవ్వేవాడు యాభైకే ఆయాసపడతాడు.

ఆయాసం అన్నది అలంకారం కాదు. ఊపిరితిత్తుల్లో బొగ్గుధూళి పేరుకుంటే వచ్చే న్యూమోకోనియోసిస్‌ను నయం చేసే మందు లేదు. కాని నీళ్లు చల్లి ధూళిని అణచడం, గాలి బాగా ఆడేటట్లు చూడడం, క్రమంగా ఛాతీ పరీక్షలు జరపడం - వీటితో దానిని రాకుండా చేయవచ్చు. వార్ధక్యంపై యుద్ధం ఇక్కడ మొదలు కావాలి. జీవకణంలోని రహస్యాన్ని ఛేదించే పరిశోధన కూడా సాగనివ్వండి. అయితే దాని ఫలం ముందుగా ఎవరికి అందుతుందో అడిగే హక్కును వదులుకోకూడదు.

ఆ కుర్రవాడి తండ్రి విషయం ఇంకా తేలలేదు. అన్‌ఫిట్ కావాలని కోరుకోవాలో, కాకూడదని కోరుకోవాలో వాడికి తెలియడం లేదు. నాకూ తెలియడం లేదు. ఒక కొడుకు ఈ ప్రశ్న వేసుకోవలసిన అగత్యం లేని సమాజం కావాలని మాత్రం తెలుసు. వచ్చే ఏడు ఈ పాఠాన్ని యయాతితో కాక పూరునితో మొదలుపెడతాను. తోటి ఉపాధ్యాయ మిత్రులు కూడా అలా చెప్పి చూడవలసిందని నా మనవి.