సెర్చ్ ఇంజన్ ఫలితాల సంఖ్య – ప్రామాణికత: ఒక పరిశీలన

గూగుల్ 2003 వరకు తన సూచికను సుమారు నెలకొకసారి నవీకరించేది. కొత్త సూచిక అన్ని డేటా సెంటర్లకూ చేరడానికి కొన్ని రోజులు పట్టేది. ఆ వ్యవధిలో ప్రధాన చిరునామాలో ఒక రకంగానూ, దాని ప్రతిరూపాలుగా ఉన్న ఇతర చిరునామాలలో మరొక రకంగానూ ఒకే పదానికి ఫలితాలు వచ్చేవి. వెబ్‌సైట్ల నిర్వాహకులు దీనిని ‘గూగుల్ డాన్స్’ అన్నారు. నిరంతర నవీకరణ వచ్చాక ఆ పేరు మరుగున పడినా సమస్య తొలగలేదు. ఒకే ప్రశ్న వేర్వేరు కంప్యూటర్లకు, నవీకరణలోని వేర్వేరు దశలలో చేరుతుందని, అందువల్ల ఫలితాల సంఖ్య మారుతుందని ఆడమ్ కిల్గారిఫ్ 2007లో ‘కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్’ పత్రికలో హెచ్చరించారు.

పదప్రయోగ విస్తృతికి ఈ సంఖ్యను ఆధారంగా చూపే భాషాపరిశోధన ఇక్కడే పట్టు తప్పుతుంది. తాళపత్ర ప్రతులలో పాఠభేదాలుంటే ఏ పాఠం ఏ ప్రతిలోనిదో పరిష్కర్త పేర్కొంటాడు. సందేహించినవారు ఆ ప్రతిని మళ్లీ చూడగలరు. సెర్చ్ ఇంజన్‌లో ఏ ప్రతి జవాబిచ్చిందో పరిశోధకునికి తెలియదు. తెలిసినా, అది అదే రూపంలో నిలిచి ఉండదు. వెదికిన తేదీని పేర్కొన్నంత మాత్రాన ఆ లోటు తీరదు. సరిచూడటానికి వీలులేని అంకె ఆధారం అనిపించుకోదు. సెర్చ్ ఇంజన్ ఉదాహరణలను వెదకడానికి ఉపకరిస్తుంది. లెక్కించడానికి మాత్రం పరిమాణం తెలిసిన, మార్పులేకుండా భద్రపరచిన కార్పస్ అవసరం.