పాదం చూసి పేరు చెప్పే పనితనం

విజయవాడ గవర్నర్‌పేటలో పాత కెమెరాలు బాగుచేసే పెద్దాయన చేతికి విడి వ్యూఫైండర్ ఇచ్చి చూడండి. వెంటనే కంటికి పెట్టుకోరు. తిరగేసి, కెమెరా మీదికి జారే పాదం చూస్తారు, ఆపైన చెక్కిన అక్షరాలు. ‘ఎస్‌బీఓఓఐ’ అని ఉంటే లైకా వారిది, 5 సెంటీమీటర్ల లెన్సుకు జోడీ. తర్వాతే వెలుతురుకెత్తి బూజు వెతుకుతారు. కృష్ణ ఒడ్డున తేమకేం కొదవ? బూజు పైపైనే ఉంటే తుడిస్తే పోతుంది; గాజును తినేస్తే మచ్చ మిగిలిపోతుంది.

ఇలా విడిగా కాక, మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్-3 కెమెరాకు వ్యూఫైండర్ ఒంట్లోనే ఉంటుంది. సేకరణ పేరుతో దాన్ని ఊడబెరికేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అటక మీద అలాంటి కెమెరా ఉంటే తూకానికి వేయకండి; ముందు తెలిసినవాళ్లకు చూపించండి.